ఎవరి వంటింటి కందిరీగ?

ఆ రోజు పొద్దున ప్రూఫులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ప్రెస్సుకి చేరాలి, పిల్లల సైన్సు పుస్తకంలో మిగిలిపోయిన చివరి పదహారు పేజీలు ఒకసారి చూడాలి, సాయంత్రానికి వాటిని మిషన్ ఎక్కించాలి. ఇరవై రెండేళ్ళుగా అచ్చుతప్పులు దిద్దుతున్న మనిషికి పదహారు పేజీలంటే ఎంతసేపు? మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళకుండా ఉంటే ఆ పథకం నెరవేరేదే.

వంటింటి గోడ మీద, స్టవ్వుకి కొంచెం పైన, నల్లటి పురుగొకటి నడుస్తోంది. బియ్యపు గింజంత ఉంది. నడుము దారప్పోగులా సన్నం. ఆ పోగు చివర కాగితం జెండా అతికించినట్టు బుల్లి పొట్ట. దాన్ని పైకీ కిందికీ టకటకా ఊపుకుంటూ, ఎవరో పిలిచినట్టు హడావిడిగా పోతోంది.

“కందిరీగలా ఉందే!” అన్నాడతను.

“చీమ,” అన్నారు వెనక నుంచి అత్తగారు.

“రెక్కలున్నాయి కదా అత్తయ్యా.”

“చీమలకి రెక్కలొస్తాయి. మీరు చూళ్ళేదేమో, నేను చూశాను.”

“చీమ పొట్ట ఇలా ఊపదండీ.”

“దాని పొట్ట, దాని ఇష్టం. మొన్ననే ఆపరేషన్ చేయించుకున్న కళ్ళు నావి. మీ కళ్ళజోడు కంటే కొత్తవి.”

ప్రూఫులాయనకి ఒళ్ళు మండింది. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడితేనే నిద్రపట్టని మనిషి. అలాంటిది, కళ్ళెదుట నడుస్తున్న కందిరీగని పట్టుకుని చీమ అంటే ఎలా ఊరుకుంటాడు? ఫోన్ తీసి, ఊపిరి బిగబట్టి, ఫోటో తీశాడు. తాను దిద్దుతున్న సైన్సు పుస్తకం రాసినాయన కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ప్రెస్సులో అందరూ ఆయన్ని పురుగుల మాస్టారు అంటారు. ఫోటోని ఆయనకి పంపి, కింద ఇలా రాశాడు: “మాస్టారూ, ఇది కందిరీగా, చీమా? వెంటనే తేల్చగలరు. మర్యాదకి సంబంధించిన విషయం.”

ఇంతలో స్నానం ముగించుకుని భార్య వచ్చి టిఫిను ముందు కూర్చుంది. ఆమె ఆహార తనిఖీ అధికారిణి. హోటళ్ళవాళ్ళు, క్యాంటీన్లవాళ్ళు ఆమెని ఎదురుగా ‘మేడం’ అనీ, వెనకాల ‘టార్చిలైటమ్మ’ అనీ అంటారు. టార్చి వెలుగులో ఒక్క బొద్దింక మీసం కనపడినా చాలు, నోటీసు రాసి, సంతకం పెట్టి, తలుపుకి అతికించి గాని కదలదు. ఇంట్లోనూ అంతే. ఫ్రిజ్ మీద ఒక నోటీసు, బీరువా మీద ఒకటి, వంటింటి గోడకి ఒకటి. అన్నిటి కిందా తేదీ వేసి మరీ సంతకం.

ప్రూఫులాయన ఫోన్ మోగింది. మాస్టారు రాయలేదు, మాట్లాడి పంపారు. ‘వినండి అత్తయ్యా, మీరూ వినండి!’ అన్నట్టు అత్తగారి వైపు చూసి, సౌండు బాగా పెంచి, ఫోన్ బల్ల మీద పెట్టాడు. నలభై ఏళ్ళపాటు మైకు లేకుండా పాఠాలు చెప్పిన గొంతు హాలంతా నిండిపోయింది.

“శభాష్! మీరు పంపింది కందిరీగే! చీమ అన్న మహానుభావులు ఎవరోగాని మళ్ళీ బడికి పంపండి!”

అత్తగారి ముఖం కందగడ్డలా అయింది. ప్రూఫులాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మాస్టారు మాత్రం ఆపలేదు.

“నేను క్లాసులో దీన్ని జెండా కందిరీగ అనేవాణ్ణి. పాపం, మనుషుల జోలికి రాదు. దీని పనంతా బొద్దింకలతోనే. బొద్దింక గుడ్ల సంచిలో ఇది గుడ్డు పెడుతుంది. పిల్ల పుట్టి ఆ గుడ్లన్నీ తినేస్తుంది. అందుకని ఇది గోడ మీద కనపడిందంటే ఆ వంటింట్లో బొద్దింకలు కాపురం పెట్టి చాలాకాలమైందన్నమాట! ఇంతకీ ఎవరిదండీ ఆ దిక్కుమాలిన వంటిల్లు?”

ఫోన్ ఆగిపోయింది. భార్య చేతిలోని చెంచా కూడా ఆగిపోయింది.

“ఎవరిది?” అంది ఆమె.

ప్రూఫులాయన ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. ‘నీదే’ అనాలి. పన్నెండేళ్ళ కాపురంలో ఆ వంటింటి గురించి అలాంటి మాట అన్నవాళ్ళు లేరు. అనేవాడు తానే మొదటివాడు కావడం అతనికి ఇష్టం లేకపోయింది.

“మా... మా ఆఫీసు క్యాంటీన్‌ది.”

అత్తగారు నోరు తెరిచారు. ‘అయిపోయింది’ అనుకున్నాడతను.

“అవునమ్మాయ్, క్యాంటీన్‌దే,” అన్నారావిడ. “నాకూ అలాగే చెప్పారు.”

అల్లుడు తెల్లబోయాడు. ఇప్పుడే చీమ దగ్గర ఓడిపోయి ఉడికిపోతున్న మనిషి, అడక్కుండానే తన అబద్ధానికి సాక్ష్యం చెబుతోంది! ఎందుకో అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. భార్య అప్పటికే లేచి చెయ్యి కడుక్కుంటోంది.

“మీరు రోజూ మధ్యాహ్నం తినేది అక్కడేనా? నూట ఇరవైమంది తినేది అక్కడేనా? ఎంత అన్యాయం! ఆ ఫోటో నాకు పంపండి.”

“ఒక్కటే పురుగు కదా, పోనిద్దూ.”

“ఒకటి గోడ మీద ఉందంటే గోడ వెనక యాభై ఉన్నట్టు. పంపండి!”

పంపాడు. ఆమె ఫోన్‌లో ఒకసారి చూసింది. తెల్లగోడ, మధ్యలో నల్లటి చుక్క. తెల్లగోడలు ఊరంతా ఉన్నాయి. టార్చి సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది.

ప్రూఫులాయన వీధి మలుపు తిరగ్గానే క్యాంటీన్ అక్కకి ఫోన్ చేశాడు. ప్రెస్సులో క్యాంటీన్ నడిపే ఆవిడని పెద్దా చిన్నా అందరూ అక్క అనే పిలుస్తారు.

“అక్కా, ఇవాళ వంటింటి మూలలు కొంచెం బాగా తుడిపించండి.”

“ఏం, రోజూ బాగా తుడవట్లేదా?”

“అలా అని కాదు...”

“తొమ్మిదేళ్ళుగా నా చేతి అన్నం తింటున్నారు సారూ. ఇవాళ మీకు నా మూలలు గుర్తొచ్చాయా?”

“అయ్యో, అది కాదక్కా. ఒకవేళ బొద్దింకలు గానీ...”

ఫోన్ కట్టయింది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని అతనికి తెలిసింది గాని, అచ్చైపోయిన పేజీని వెనక్కి తెచ్చుకోలేం కదా.

అతను ప్రెస్సు చేరేసరికి ఆ మాట అతనికంటే ముందే చేరి, అన్ని సెక్షన్లూ తిరిగొచ్చింది. గేటు దగ్గర అది ‘ప్రూఫులాయన టీలో బొద్దింక వచ్చిందట’. బైండింగ్‌లో ‘మూడొచ్చాయట’. మిషన్ సెక్షన్‌కి వచ్చేసరికి ‘ప్రూఫులాయన్ని ఆస్పత్రిలో చేర్చారట’. నడుచుకుంటూ లోపలికి వచ్చిన అతన్ని చూసి మిషన్ మేస్త్రీ మండిపడ్డాడు.

“మీరు ఆస్పత్రిలో ఉన్నారని మావాళ్ళు పళ్ళు కూడా కొన్నారు. మరి ఇక్కడెలా ఉన్నారు?”

“నాకేం కాలేదయ్యా!”

“ఏం కాకుండానే అక్క మీద అంత మాటన్నారా?”

పదిన్నరకి టీ రాలేదు. సగంమంది ఇక క్యాంటీన్‌లో తినం అన్నారు. మిగతా సగం అక్కకి క్షమాపణ చెప్పేదాకా మిషన్ ఆన్ చెయ్యం అన్నారు. ఈ రెండు జట్లకీ ఒకదానితో ఒకటి పడదు గాని, ప్రూఫులాయన్ని తిట్టడం దగ్గర మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది. మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“పదహారు పేజీలు చూడమంటే పదహారు గొడవలు తెచ్చారేంటండీ? సాయంత్రానికి పుస్తకం వెళ్ళకపోతే నా కుర్చీ ఉండదు. అసలేం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.”

ప్రూఫులాయన నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి తనిఖీ వాళ్ళ జీపు కనపడింది. తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది.

జీపులోంచి భార్య దిగింది. వెనక ఇద్దరు సహాయకులు, చేతుల్లో టార్చీలు, తెల్లగుడ్డలు. క్యాంటీన్ గుమ్మంలో అక్క చేతులు కట్టుకుని నిలబడింది.

“చూసుకోండి మేడం. కావాలంటే పొయ్యి కూడా ఊడదీసి చూసుకోండి.”

పొయ్యి నిజంగానే ఊడదీశారు. గ్యాస్ గొట్టం వెనక చూశారు. తూము మూత ఎత్తి చూశారు. పప్పుల డబ్బాలు, గంటెల స్టాండు, తలుపు సందులు, చీపురు వేలాడదీసే మేకు చుట్టూ, అన్నీ చూశారు. రెండు గంటలు పట్టింది. గోడ మీద రుద్దిన తెల్లగుడ్డ తెల్లగానే తిరిగొచ్చింది. భోజనాల వేళ దాటిపోయి, కడుపులు కాలుతూ, ప్రెస్సు ప్రెస్సంతా గుమ్మం దగ్గర మూగింది.

ఏమీ దొరక్కపోవడం తనిఖీ అధికారిణికి అలవాటు లేదు. ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

“ఇంత శుభ్రంగా ఉండటమే నాకు అనుమానంగా ఉంది. మేం వస్తున్నట్టు మీకెవరో ముందే చెప్పారు.”

“చెప్పారు,” అంది అక్క. “మీ ఆయనే చెప్పారు.”

నూట ఇరవై తలలు ఒక్కసారే తిరిగాయి. ఫిర్యాదు చేసినవాడు ఈమె మొగుడా అన్నారు తెలియనివాళ్ళు. మొగుడు చెప్తే పెళ్ళాం వచ్చి సోదా చేస్తుందా, ఇదెక్కడి దౌర్జన్యం అన్నారు తెలిసినవాళ్ళు. భార్య మాత్రం భర్తనే చూస్తోంది.

“ఉందని నాకు చెప్పిందీ మీరే, తుడుచుకోమని వీళ్ళకి చెప్పిందీ మీరేనా?”

“అది... నూట ఇరవైమంది ఆరోగ్యం కదా అని...”

“నా దగ్గర ఫోటో ఉంది!” అంది ఆమె జనం వైపు తిరిగి. “ఊరికే రాలేదు నేను. ఆధారంతో వచ్చాను.”

“అయితే చూపించండి,” అంది అక్క. “ఆ చిన్న ఫోన్‌లో కాదు. అందరూ చూసేలా చూపించండి. తొమ్మిదేళ్ళ పేరు నాది. ఫోన్‌లో చుక్క చూపించి పోగొడతారా?”

మేనేజరుకి ఎలాగోలా ఇది తేలిపోవడమే కావాలి. పేజీలు సరిచూసుకోవడానికి కంపోజింగ్ గదిలో గోడంత తెర ఒకటుంది. అందరినీ అక్కడికి తోలుకెళ్ళాడు. కంపోజర్ ఫోటో తెరిచి, రోజూ పేజీలని పెంచే అలవాటుకొద్దీ నాలుగింతలు పెంచింది. జెండా కందిరీగ కాకంత అయి తెర మీద కూర్చుంది. వెనక వరసవాళ్ళు ‘అమ్మో’ అన్నారు.

అక్క ముందుకి వచ్చింది. పురుగుని చూడనే లేదు. గోడని చూసింది.

“ఇది నా గోడ కాదు. నా గోడకి నిలువెత్తు టైల్సున్నాయి. ఇది వట్టి సున్నం గోడ. ఇదుగో, ఈ మూల ఏదో కాగితం కూడా అతికించి ఉంది.”

ప్రూఫులాయన తెర దగ్గరికి జరిగాడు. కాగితం! తీసేటప్పుడు పురుగు తప్ప ఇంకేమీ చూడలేదు తను. కంపోజర్ ఆ మూలని తెర మధ్యకి లాగి, ఇంకా పెంచి, అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టింది.

“వంటింటి నియమాలు. ఒకటి: చేతులు కడుక్కోనిదే ఏ డబ్బా ముట్టుకోరాదు. రెండు: మూత తీసినవారే మూత పెట్టవలెను...”

ఒకటో నియమం దగ్గరే భార్యకి తెలిసిపోయింది. కాని ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. సంతకం ఫోటోలోకి రాలేదు. అలాంటి కాగితం ఏ ఇంట్లోనైనా ఉండవచ్చు. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంటే, ‘పొరపాటు సమాచారం’ అని రాసేసుకుని జీపెక్కి వెళ్ళిపోవచ్చు. భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరికీ ఒకే ఆలోచన వచ్చిన అరుదైన క్షణం అది.

“మూడు,” అని చదివింది కంపోజర్. “పరిశుబ్రతే ఆరోగ్యం.”

“ఒత్తు భ!” అని అరిచాడు ప్రూఫులాయన. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. “పరిశుభ్రతలో ఒత్తు భ రాయాలి! ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఫ్రిజ్ మీద కాగితంలోనూ ఇదే తప్పు!”

అన్నాక గాని ఏమన్నాడో అతనికి వినపడలేదు. గదిలో అందరికీ మాత్రం స్పష్టంగా వినపడింది. పైగా అతను తెరని చూస్తూ అనలేదు, భార్యని చూస్తూ అన్నాడు.

అక్క ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు అడిగింది: “అయితే మేడం... ఈ గోడ...”

భార్య అబద్ధం చెప్పి ఉంటే ఎవరూ రుజువు చెయ్యలేకపోయేవారు. కాని జీవితంలో ఎన్నో దొంగ సాకులు విన్న మనిషి. ఒక్కటీ తన నోటితో పలకలేకపోయింది.

“నాదే,” అంది. “క్యాంటీన్‌లో ఏ లోపమూ లేదు. రాసిస్తాను. మీకు నా క్షమాపణ.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరికీ ఆకలిగా ఉంది. అక్క మటుకు అంతటితో వదల్లేదు.

“క్షమాపణ సరే. బొద్దింకలున్న వంటింటిని తనిఖీ చెయ్యరా? హోటలైతేనే చేస్తారా? పదండి. సాక్షి సంతకానికి నేనొస్తాను.”

మనసులో ఏమున్నా, కాదనడానికి ఆమెకి ఏ నియమమూ దొరకలేదు. జీపులో అధికారిణి, భర్త, ఇద్దరు సహాయకులు, అక్క ఇరుక్కుని కూర్చున్నారు. దారిలో ఒకసారి ప్రూఫులాయన “నేను చెప్దామనే అనుకున్నాను...” అన్నాడు. ఆమె కిటికీ అద్దం పైకెత్తింది.

ఇంటి దగ్గర అత్తగారు జీపునీ జనాన్నీ చూసి, ఒక్క ఉదుటున వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“లోపల ఏమీ లేదు!”

“ఉందని ఎవరన్నారమ్మా?” అంది కూతురు.

స్టూలు వేసి ఒక సహాయకుడు అటక మీదికి టార్చి వేశాడు. ప్రూఫులాయన ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న పాత ప్రూఫు కట్టలు, పన్నెండు, గోడకి చేర్చి ఉన్నాయి. జిగురు వేసిన వెన్నులన్నీ ఎవరో తీరిగ్గా కొరికి జల్లెడ చేసినట్టున్నాయి. వాటి వెనక మూత సరిగ్గా పడని రేకు డబ్బా ఒకటి. అందులో అత్తగారిని డాక్టరు ముట్టుకోవద్దన్న క్రీము బిస్కెట్లు. సహాయకుడు ఆ డబ్బా కదిపాడు. వందల హోటళ్ళు చూసిన మనిషి, స్టూలు మీంచి ఒక్క దూకు దూకి వీధిలో తేలాడు.

పొద్దున అత్తగారు ఎందుకు సాక్ష్యం చెప్పారో అల్లుడికి ఇప్పుడు అర్థమైంది.

“మీ బిస్కెట్ల వల్ల వచ్చాయా ఇవన్నీ!”

“నాది ఒక్క డబ్బా. మీ కట్టలు పన్నెండు. బొద్దింకలు మీ కాగితాల్లో కాపురం ఉండి, నా దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చాయి!”

“కాగితాలు తింటాయా బొద్దింకలు?”

“జిగురు తింటాయి సార్,” అన్నాడు రెండో సహాయకుడు, గుమ్మం బయట నుంచి.

కందిరీగ ఇంకా అక్కడే ఉంది. నియమాల కాగితం మీద, సంతకం పక్కన నిలబడి జెండా ఊపుతోంది. రెండో సహాయకుడు లోపలికి వచ్చి మందు డబ్బా దాని మీదికి ఎత్తాడు. అప్పుడే ప్రూఫులాయన ఫోన్ మోగింది. పురుగుల మాస్టారు మళ్ళీ మాట్లాడి పంపారు. పొద్దుటి నుంచి జవాబు రానందుకు ఆయనా మహా కోపంగా ఉన్నారు.

“ఏమయ్యా, ఎవరి వంటిల్లో చెప్పనే లేదు! దాన్నేం చేశారు? మందు గిందు కొట్టారంటే ఊరుకోను! ఆ ఇంట్లో తన పని తాను సరిగ్గా చేస్తున్నది అదొక్కటే!”

ఈ మాట కూడా అందరూ విన్నారు, సౌండు పొద్దున పెంచింది పెంచినట్టే ఉంది కనక. తనిఖీ అధికారిణి కాగితాన్ని మెల్లగా గోడ నుంచి ఊడదీసి, కిటికీ దాకా పట్టుకెళ్ళి, కందిరీగని బయటికి వదిలింది. తర్వాత సంచిలోంచి నోటీసుల పుస్తకం తీసింది.

‘ఈ వంటగది ఏడు రోజులపాటు మూసివేయడమైనది.’ అధికారి సంతకం దగ్గర సంతకం పెట్టింది. కొంచెం కిందికి వచ్చి, యజమాని సంతకం దగ్గర మళ్ళీ పెట్టింది. సాక్షిగా అక్క తన పేరు ఇంటిపేరుతో సహా, రెండు వరసల్లో, తీరిగ్గా రాసింది. నోటీసు తలుపుకెక్కింది. దాంట్లో రెండు అక్షరదోషాలున్నాయి. ప్రూఫులాయన రెంటినీ చూశాడు. చూసి కూడా నోరు మెదపకపోవడం అతని జీవితంలో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం అతను ప్రెస్సు నడిమధ్యన నిలబడి అక్కకి క్షమాపణ చెప్పుకున్నాడు. మిషన్ సెక్షన్‌వాళ్ళు కొనుక్కొచ్చిన పళ్ళు అందరూ అతని ముందే పంచుకు తిన్నారు. పుస్తకం రాత్రికి గాని మిషన్ ఎక్కలేదు.

మర్నాటి నుంచి ముగ్గురికీ రెండు పూటలా క్యాంటీన్‌లోనే భోజనం. అక్క వాళ్ళని మధ్య బల్ల దగ్గర, అందరికీ కనపడేలా కూర్చోబెట్టేది. తనిఖీ అధికారిణికి మొదట వడ్డించి, తినడం అయ్యేదాకా పక్కనే చేతులు కట్టుకుని నిలబడేది. మొదటి రోజు ఆమె తల ఎత్తలేదు. రెండో రోజు మంచినీళ్ళు అడిగింది. మూడో రోజు “ఇంకొంచెం కూర వెయ్యండి” అంది. నాలుగో రోజు, పొద్దున్నే లేచి స్టవ్వు వెలిగించాల్సిన పని లేక, ఎనిమిదింటి దాకా నిద్రపోయింది.

ఏడో రోజు నిబంధన ప్రకారం మళ్ళీ తనిఖీ జరిగింది. అటక ఖాళీ. కట్టలు లేవు, డబ్బా లేదు, గోడలకి కొత్త సున్నం. ప్రూఫులాయనా అత్తగారూ వారమంతా పోట్లాడుకుంటూ తోమిన వంటిల్లు అద్దంలా మెరుస్తోంది. ఆమె టార్చి వేసి గంటసేపు మూలమూలా చూసింది. తెల్లగుడ్డతో గోడంతా రుద్దింది. గుడ్డ తెల్లగానే వచ్చింది. చాలాసేపు ఆలోచించి, నోటీసుల పుస్తకం తీసి, మూసివేతని ఇంకో పదిహేను రోజులు పొడిగించింది.

కారణం అన్న చోట ‘గోడ తడి ఆరలేదు’ అని రాసింది.